తంబాకు లేని బీడీ

శాలువాలు కప్పుతుంటే వెనక తెర మీద నీళ్లు వస్తున్నాయి.

ఎండిపోయిన కాలువ అడుగు, నెర్రెలు, నెర్రెల మధ్య ఎవరో నమిలి ఉమ్మిన చెరుకు పిప్పి, దాని మీద ఒక చీమ. తెర పై అంచున చెత్తనూ నురుగునూ ముందుకు తోసుకుంటూ, తొందరేమీ లేనట్టు నీళ్లు. హాల్లో మూడో వరసలో కూర్చున్న రమ్య ఆ బొమ్మను ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. అయినా ఊపిరి బిగబట్టింది. అది ఆమె తీసిన సినిమా. మాట లేదు, పాట లేదు, అసలు చప్పుడే లేదు. జిల్లా షార్ట్ ఫిలిం పండుగలో వేస్తామన్నారు. సన్మానాలు జరుగుతుంటే వేదిక వెనక గోడకు అంటించిన కాగితంలా వేస్తామని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ముఖ్య అతిథి తల చీమకు అడ్డం వచ్చింది. ఆయన వంగితే దండ వేసేవాడు అడ్డం వచ్చాడు. వాడు పక్కకు జరిగేసరికి ఫొటో కోసం కమిటీ అంతా వరసగా నిలబడింది. వాళ్ల భుజాల సందుల్లోంచి చూస్తే నీళ్లు పిప్పికి జానెడు దూరంలోకి వచ్చాయి. సరిగ్గా అప్పుడే తెర మీద బంగారు దుకాణం ప్రకటన పడింది. జనం చప్పట్లు కొట్టారు, శాలువాకు.

పక్క కుర్చీలో రామస్వామి సారు ఉన్నాడు. రిటైరైన తెలుగు టీచరు, నిజామాబాద్‌లో ఏ సభ జరిగినా ముందే వచ్చి కూర్చునే మనిషి. ఆయన రమ్య వైపు వంగి మెచ్చుకున్నాడు.

"వెనక డిజైను మంచిగున్నదమ్మా. నువ్వే పెట్టినవట గదా. ఎక్కడ డౌన్‌లోడ్ చేసినవ్?"

ఆయన మాటలో ఎగతాళి లేదు. నిజంగానే నచ్చి అడిగాడు. రమ్యకు కోపం రావాల్సిన చోట సిగ్గు వచ్చింది, దానికే ఆమెకు ఎక్కువ బాధేసింది. లేచి బయటకు పోయింది.

వరండాలో చాయ్ డబ్బా దగ్గర మహేందర్ ఉన్నాడు. ఆ పండుగకు కన్వీనరు ఆయనే, రమ్య పనిచేసే పెండ్లి వీడియోల స్టూడియో యజమానీ ఆయనే. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకోవచ్చు. మహేందర్ మంచివాడు, అక్కడే వచ్చింది చిక్కు. రమ్యకు ఎడిటింగ్ నేర్పింది ఆయన. కెమెరా ఇంటికి తీసుకుపోతానంటే ఎందుకని అడగనిది ఆయన. కోటగిరి దగ్గర చెరుకు తోటలో ఒక జంటకు పెండ్లి ముందటి ఫొటోలు తీయడానికి పంపింది కూడా ఆయనే. పెండ్లికూతురి ముస్తాబు తెమలక ఖాళీగా ఉన్నప్పుడు, పక్కనున్న కాలువలోకి యాసంగి పంట నీళ్లు వస్తున్నాయని ఎవరో అరిస్తే, రమ్య కాలువలోకి దిగి కెమెరాను నేల మీద పెట్టింది. సినిమా అట్లా పుట్టింది.

"నీ వీడియో స్టేజీ మీదనే ఏపిచ్చిన గద రమ్యా, చూసినవా?" అన్నాడు మహేందర్, చాయ్ కప్పు అందిస్తూ. తాను గొప్ప మేలు చేశానన్న సంతోషం ఆయన ముఖంలో.

"ఎవ్వలు చూడలే అన్నా."

"హాలంత చూసింది."

"హాలంత శాలువాలు చూసింది."

మహేందర్‌కు అప్పుడు కొంచెం అర్థమైంది. రమ్యను పక్కకు తీసుకుపోయి నెమ్మదిగా చెప్పాడు. ఇన్నేళ్ల పెండ్లిళ్లలో ఆయన నేర్చుకున్న సిద్ధాంతం ఒకటుంది. పెద్ద తెర మీద కాసేపు ఏమీ జరగకపోతే చుట్టాలు చెప్పులు వెతుక్కుంటారు. జిలకర్ర బెల్లం పెట్టేటప్పుడైనా సరే, ఏదో ఒకటి కదలాలి, ఏదో ఒకటి మోగాలి. ఆమె తీసింది బాగుందని ఆయనకూ తెలుసు, కానీ బాగున్నదంతా సినిమా కాదు. సినిమా అనిపించుకోవాలంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నం, భోజనాల తర్వాత, బహుమతుల ముందు ఆమెకు సమయం ఇస్తాడు. లైట్లు ఆర్పి సినిమాలాగే వేస్తాడు. ఒక్కటే షరతు, మాట పెట్టాలి. ఆ మాట ఆయనే రాయించి, స్టూడియోలో తన గొంతుతోనే చదివి, అప్పటికే ఆమె ఫోనుకు పంపించాడు కూడా.

"నీ మంచికే చెప్తున్న," అన్నాడు.

గుడ్డి కన్నా మెల్ల నయం అనుకుంది రమ్య. చీకట్లో, సినిమాలాగా, అందరూ తెర వైపే ముఖం పెట్టి. అంతకంటే ఆమె కోరుకున్నదేమీ లేదు. సరే అంది. అని బోధన్ బస్సెక్కిన తర్వాత, ఎడపల్లి దాటేదాకా ఆ సరే గొంతులో చేపముల్లులా గుచ్చుతూనే ఉంది.

*

శనివారం పొద్దున బోధన్‌లో వాళ్ల ఇంటి ముందుగదిలో మామూలుగానే మూడు చాటలు పరుచుకున్నాయి. రమ్య తల్లి గోదావరి, పక్కింటి రాధాబాయి, ఎదురింటి సుకన్య. నానబెట్టిన తునికాకును కత్తెరతో ఒకే కొలతకు కత్తిరించి పెట్టుకుంటారు. ఆకులో చిటికెడు తంబాకు, అదే పొగాకు పొడి, వేళ్ల మధ్య ఒక దొర్లింపు, దారం రెండు చుట్లు, మూతి మలవడం. ఇంత చెప్పేలోపు వాళ్లు మూడు చేసి పక్కన పడేస్తారు. చక్కెర ఫ్యాక్టరీ మూతబడి, ఆ చిమ్నీలో పొగ లేకుండా పోయాక, ఆ వాడలో సగం ఇండ్లు ఈ చాటల మీదే నడుస్తున్నాయి.

టీవీ మోగుతూ ఉంటుంది. మోగుతూ అనే చెప్పాలి, ఎందుకంటే బీడీలు చేసేవాళ్లకు టీవీ చెవులతో చూసేది. కండ్లు ఆకు మీద, చెవులు సీరియల్లో. అత్త గొంతు, కోడలి గొంతు, మధ్యలో ఉరుము చప్పుడు. ఉరుము ఉరిమితే తప్ప ఎవరూ తలెత్తరు. హీరో చొక్కా రంగు అడిగితే ఒక్కరూ చెప్పలేరు, వాడు ఎవరితో ఏమన్నాడో మాత్రం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్తారు.

రమ్య గోడకు ఒరిగి ల్యాప్‌టాప్‌లో మహేందర్ గొంతును నీళ్ల మీద పరిచింది. 'ఓ గంగమ్మ తల్లీ, రైతు కంటి చెమ్మవా, రేపటి బువ్వవా' అంటూ మొదలైంది. వెనక ఒక వేణువు. గొంతు మంచిదే, మాటలూ చెడ్డవి కావు. కానీ నీళ్లు ఏం చేయబోతున్నాయో గొంతు ముందే చెప్పేస్తోంది. చిన్న తెర మీద తేలట్లేదేమోనని, సీరియల్ ప్రకటనల్లోకి పోయిన అదను చూసి, వైరు పెట్టి టీవీకి తగిలించింది.

సుకన్య గొణిగింది. కోడలు విషం కలిపిన పాలు తాగిందో లేదో తేలాల్సి ఉంది. కొంచెం సేపేనని బతిమాలి, రమ్య సినిమా వేసింది. మహేందర్ గొంతు గదంతా నిండింది. మూడు తలలూ వంగే ఉన్నాయి, ఆరు చేతులూ ఆడుతూనే ఉన్నాయి. సినిమా సగానికి వచ్చేసరికి రాధాబాయి దారం కొరుకుతూ, మంచిగ చదివిండు, రేడియోల వార్తలు చదివినట్టే ఉన్నది అని మెచ్చుకుంది.

"అవ్వా, నువ్వు తెర చూసినవా?"

"వినబడుతున్నది గద బిడ్డా, చూసుడెందుకు."

నిన్న హాల్లో తలలు అడ్డం వచ్చాయి. ఇవాళ ఏ తలా అడ్డం రాలేదు, అయినా ఎవరూ చూడలేదు. ఇదీ శాలువానే, మాటలతో నేసింది, అనుకుంది రమ్య. సినిమాను ఆపి, గొంతు లేని అసలు దాన్ని మొదటినుంచి పెట్టింది. ఇది సినిమా అవునో కాదో తనకే తెలియదు. ఇంకొకసారి ఎవరైనా ఎక్కడ డౌన్‌లోడ్ చేసినవని అడిగితే, స్టూడియోలో పెండ్లి ఆల్బములే చేసుకుందామనుకుంది.

గది నిశ్శబ్దమైంది. కత్తెర చప్పుడు, ఆకు చప్పుడు.

"సౌండ్ పోయింది," అంది గోదావరి తలెత్తకుండానే.

"పోలేదమ్మా. దీనికి లేదు."

"లేకపోవుడేంది? టీవీ ఖరాబైనట్టుంది, చూడు."

చెప్పి, చూడడానికి తనే తలెత్తింది. సుకన్యా ఎత్తింది. రాధాబాయి కండ్లజోడు సర్దుకుంది. వినడానికి ఏమీ లేకపోతే ఇంక చూడటమే మిగిలింది.

నీళ్లు వస్తున్నాయి. సగం దారికి వచ్చాక అవే నీళ్లు మళ్లీ మొదటినుంచి, పలచగా, మొదటి నీళ్ల మీద వేసినట్టు బయలుదేరాయి. ఒకే బొమ్మ మీద అదే బొమ్మను రమ్య ఆలస్యంగా పరిచింది. ఒక్కసారి వస్తే చాలదనిపించింది, అంతే.

"గదేంది, నీళ్ల ఎన్క నీళ్లు?" అంది సుకన్య.

"కాల్వల నీళ్లు వచ్చే ముందు మన కండ్లల్ల వస్తయే," అంది రాధాబాయి. ఆమె పుట్టిల్లు కోటగిరి అవతల, కాలువ తోక భాగంలో, నీళ్లు అందరికన్నా ఆఖరున అందే చోట. "మా బాపు గట్టు మీద కూసోని, వచ్చినయ్ వచ్చినయ్ అనేటోడు. చూస్తే ఏముండకపోవు. గవ్వే ఇవి."

సుకన్య ఒప్పుకోలేదు. ఒకటి నిరుడు వచ్చిన నీళ్లు, ఒకటి ఈయేడువి అంది. కాదని రాధాబాయి. వాదులాటలో రాధాబాయి చేతిలోని ఆకు ఆరి అంచు ముడుచుకుంది. బీడీలు చేసే ఇంట్లో ఆకు ఆరనివ్వడమంటే పొయ్యి మీద పాలు పొంగనివ్వడమే. ఆమె గమనించలేదు. తను తీసిన నీళ్ల గురించి ఇద్దరు ఆడవాళ్లు నిజంగా తగాదా పడుతుంటే రమ్య నోరు తెరుచుకుని విన్నది.

గోదావరి చూపు నీళ్ల మీద లేదు, పిప్పి మీదున్న చీమ మీద ఉంది. నీళ్లు దగ్గరకొస్తున్నాయి. చీమ ఒక అంచుకు పోయింది, తిరిగి ఇంకో అంచుకు వచ్చింది. గోదావరి వేళ్లు వాటంతటవే ఆకు తీశాయి, దొర్లించాయి, దారం చుట్టాయి, మూతి మలిచాయి.

నీళ్లు జానెడు దూరంలో ఉండగా గల్లీలోంచి కేక వినబడింది. కార్ఖానాకు బీడీలు అప్పజెప్పే వేళయింది, ఆటో పోతోంది. ముగ్గురూ దిగ్గున లేచారు. కట్టలు మూటకట్టుకుంటుంటే గోదావరి చేతికి ఆఖరున చేసిన బీడీ తగిలింది. తగిలిన చెయ్యి ఆగింది. పట్టి చూసింది, నలిపి చూసింది, బిడ్డ వైపు దొంగలా చూసింది.

"ఏందమ్మా?"

"ఏం లేదు."

రమ్య లాక్కుంది. ఆకు చుట్టి ఉంది, దారం కట్టి ఉంది, మూతి మలిచి ఉంది. లోపల తంబాకు లేదు.

"ఎవ్వలకు చెప్పకే," అంది గోదావరి, నవ్వాపుకోలేక. "నవ్వుతరు."

రాధాబాయి అప్పటికే చూసి నవ్వుతోంది. వాళ్లు కార్ఖానా నుంచి తిరిగొచ్చేసరికి రమ్య సంచి సర్దుకుని సిద్ధంగా ఉంది. సాయంత్రంలోగా స్టూడియోలో సినిమా అప్పజెప్పాలి. చీమ సంగతేమైందని గుమ్మంలోనే అడిగింది రాధాబాయి. రేపు హాలుకు వస్తే పెద్ద తెర మీద చూపిస్తానంది రమ్య. వస్తారని అనుకుని అన్నమాట కాదు. ఆదివారం కార్ఖానాకు సెలవే గదా, పోదాం అంది గోదావరి.

*

మహేందర్ స్టూడియోలో జ్ఞాపికల మీద పేర్లు సరిచూస్తున్నాడు. సినిమా తెచ్చినవా అని చెయ్యి చాపాడు. ఆ చేతిలో రమ్య బీడీ పెట్టింది.

ఆయన బీడీ తాగడు. కానీ వేళ్లు దాన్ని అలవాటుగా పట్టుకున్నాయి. పట్టుకోగానే ముఖం మారింది. బరువు లేదు. బొటనవేలితో కొంచెం నొక్కాడు.

"దీంట్ల తంబాకు లేదు."

"మా అమ్మ చేసింది అన్నా. ఇయ్యాల పొద్దుగాల, సినిమా చూసుకుంట."

మహేందర్ కుర్చీలో వెనక్కి వాలాడు. నిజామాబాద్‌లో చాలామంది లాగే ఆయన్నీ బీడీలే చదివించాయి. పలక మీద అక్షరాలు దిద్దింది తల్లి చాట పక్కన కూర్చునే.

"మా బాపు సచ్చిపోయిన దినాల్ల గూడ మా అవ్వ చాట ముందట కూసున్నది," అన్నాడు. "ఏడ్చుకుంట చేసింది. ఒక్క బీడీ తప్పు రాలే. కండ్లు మూసుకున్నా తంబాకు మర్వదు గా చెయ్యి." బీడీని వెలుతురుకు ఎత్తి దాని ఖాళీ లోపలికి చూశాడు. "ఇట్లయింది నా వాయిస్ ఉన్నదానికా, వాయిస్ లేని ఉత్తదానికా?"

"ఉత్తదానికి. నీ వాయిస్ మంచిగున్నదన్నరు అన్నా. గని తలకాయ ఎవ్వలు ఎత్తలే."

మహేందర్ నవ్వాడు. ఆ నవ్వులో కొంచెం నొప్పీ ఉంది, మరి గొంతు ఆయనది. హాల్లో జనం లేచిపోతే ఏం చేస్తావన్నాడు. పోయేవాళ్లను పోనివ్వమంది రమ్య. నిన్నటిదాకా ఆ మాట అనే ధైర్యం ఆమెకు లేదు. ఇవాళ ఎక్కడినుంచి వచ్చిందో అది ఆయన వేళ్ల మధ్యనే ఉంది.

"నాకైతే నీ సినిమా ఇంక సమజ్ గాలే," అన్నాడు చివరికి. "గని ఈ బీడీ సమజైంది. వాయిస్ తీసెయ్."

*

ఆదివారం భోజనాల్లో బగారన్నం బాగా కుదిరింది, కనుక మధ్యాహ్నం హాలు సగం నిద్రలో ఉంది. గోదావరి, రాధాబాయి కొత్త చీరలు కట్టుకుని వచ్చి, ఎవరైనా లెమ్మంటారేమోనని తలుపు పక్కన ఆఖరి వరసలో కూర్చున్నారు. సుకన్య రాలేదు. కోడలు పాలు తాగిందో లేదో ఇవాళ తేలుతుందట. మహేందర్ స్వయంగా వచ్చి ఇద్దరినీ ముందు వరసకు తీసుకుపోయాడు. ఏ కుర్చీలూ ఖాళీ లేకపోతే ముఖ్య అతిథి పక్కవే చూపించాడు. బల్ల మీద శాలువాలు దొంతరగా పెట్టి ఉన్నాయి.

మైకు దొరికితే సులువుగా వదలని మహేందర్ ఆ రోజు రెండు ముక్కలే అన్నాడు. రమ్య తీసిన సినిమా, కాలువకు నీళ్లు వచ్చుడు. చూడుర్రి. తలుపులు మూశారు, లైట్లు ఆర్పారు. మొదటిసారి వేదిక ఖాళీగా, చీకటిగా, తెర ఒక్కటే వెలుగుతూ.

కాసేపే. ఆ తర్వాత వెనకనుంచి ఎవరో "సౌండ్" అన్నారు. ఇంకెవరో "సౌండ్, సౌండ్" అన్నారు. ఈల పడింది. ఒకాయన లేచి చెప్పులు వెతుక్కున్నాడు. ఆపరేటరు కంగారుపడి వైర్లు కదిలించాడు, తెర ఒకసారి వణికింది, ఇక ఆపేద్దామని చెయ్యి చాపాడు. మహేందర్ అటు పరుగెత్తాడు గానీ వరసల మధ్య కాళ్లు అడ్డం. రమ్య గోడ పక్కన నిలబడి చీర కొంగు పిడికిట్లో నలుపుకుంటోంది. ఇంకో క్షణంలో బంగారు దుకాణం ప్రకటన పడుతుంది, మళ్లీ ఎప్పటికీ ఎవరూ చూడరు, అనుకుంది.

ముందు వరసలో గోదావరి లేచి నిలబడింది. పుట్టి ఇంత కాలం ఏ సభలోనూ లేవని మనిషి. వెనక్కి తిరిగి, గల్లీలో పక్కింటివాళ్లకు చెప్పినట్టే చెప్పింది.

"సౌండ్ పోలే బిడ్డా. దీనికి లేదు. నీళ్లొస్తున్నయ్, జర చూడుర్రి."

ఎవరో నవ్వారు. నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆపరేటరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చెప్పులు వెతుక్కునే ఆయన నిలబడే తెర వైపు చూశాడు.

నీళ్లు వచ్చాయి. నీళ్ల మీద నీళ్లు వచ్చాయి. రమ్య తెర చూడలేదు, తల్లి చేతులు చూసింది. బస్సులో వచ్చినంతసేపూ ఆ వేళ్లు ఒళ్లో ఉత్తుత్తి ఆకును దొర్లిస్తూనే వచ్చాయని ఆమెకు తెలుసు. ఎప్పుడూ దొర్లిస్తూనే ఉంటాయి, నిద్రలో కూడా. ఇప్పుడు అవి ఒళ్లో అరచేతులు పైకి చేసి పడుకుని ఉన్నాయి. రమ్యకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, చీకటే కదా.

మొదటి నీళ్లు చెరుకు పిప్పిని తాకాయి. పిప్పి కదిలింది, తేలింది, చీమతో సహా బొమ్మలోంచి బయటకు పోయింది. దాని వెనక, అదే చోట, రెండో బొమ్మలోని పిప్పి పలచగా నీడలా మిగిలే ఉంది. దాని మీద చీమ ఒక అంచుకు పోతోంది, తిరిగి ఇంకో అంచుకు వస్తోంది. రెండో నీళ్లు ఇంకా రాలేదు. అక్కడితో సినిమా అయిపోయింది.

లైట్లు వేశారు. ముందుగా మాట్లాడింది రాధాబాయి.

"పోయింది పో. ఏడనో ఒడ్డుకు పడతది."

"యాడికి పోయింది?" అంది గోదావరి. "గక్కడ్నే ఉన్నది గద. నువ్వు సక్కగ చూడలే."

"నీళ్లల్ల కొట్టుకపోంగ చూసిన."

"నేను ఉండంగ చూసిన."

వెనక వరసలోంచి ఒక పిల్ల, రెండు చీమలున్నాయంది. కాదు, ఒక్కటే రెండుసార్లు చూపించారు అన్నాడు చెప్పులాయన, ఇంకా నిలబడే. గట్టు మీద ఎదురుచూసేవాళ్లకు అట్లాగే కనిపిస్తుందని ఎవరో, అసలిది ఏం సినిమా అని ఇంకెవరో కసురుకున్నారు. కసురుకున్నాయన కూడా లేచి పోలేదు, జవాబు కోసం కూర్చున్నాడు. రామస్వామి సారు చేతికర్ర ఊతంగా రమ్య దగ్గరకు వచ్చాడు. మొన్న అన్న మాట ఆయనకు గుర్తుందో లేదో.

"గిది ఎక్కడ తీసినవమ్మా?" అని అడిగాడు.

రమ్య చెప్పింది. కోటగిరి దగ్గర, యాసంగి నీళ్లు వదిలిన పొద్దు, కాలువలోకి దిగి. ఆయన ఆమె చేతులకేసి ఒకసారి చూసి తలూపాడు.

వేదిక పక్కన మహేందర్‌కు కమిటీవాళ్లు చేతి గడియారం చూపిస్తున్నారు. బహుమతులకు ఆలస్యమవుతోంది, ముఖ్య అతిథి పోవాలంటారు. మహేందర్ బల్ల మీది శాలువాల వైపు చూశాడు. ముఖ్య అతిథి వైపు చూస్తే ఆయన గోదావరి వైపు తిరిగి, రెండో చీమను తాను చూడలేదని ఒప్పుకుంటున్నాడు. మహేందర్ చొక్కా జేబు తడుముకున్నాడు. లోపల ఆ బీడీ ఉంది.

"శాలువాలు ఆగుతయి," అన్నాడు ఆపరేటరుతో. "లైట్లు బంద్ చెయ్. ఇంకోసారి ఎయ్యి."